పాత కారుకు బోరునీళ్లా?

అంబాసిడర్, మారుతి 800... రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా వాటిని ఇంటి షెడ్డులో దాచుకుని, ఆదివారం వస్తే స్పానర్ పట్టే సరదారాయుళ్లకు కొదవలేదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో అలాంటివారు ముందుగా కనిపెట్టాల్సిన శత్రువు... నీరు!

ఇక్కడి బోరునీటిలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఉప్పులూ ఎక్కువే. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తే కాల్షియం, మెగ్నీషియం లవణాలు గొట్టాల లోపల తెల్లటి పొరలా పేరుకుంటాయి, కాగు అడుగున పట్టినట్టే! ఊళ్లో బాగానే తిరిగిన బండి గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేసరికి ఆవిర్లు కక్కుతుంది. పట్టించుకోకపోతే హెడ్ గాస్కెట్ పోతుంది.

విరుగుడు సులువే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పాత నీరు వదిలేయాలి. లోపల శుభ్రంగా కడిగి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సమపాళ్లలో కలిపి పోయాలి. థర్మోస్టాట్, హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టూ చూసుకోవాలి. వేడి మీద మూత తీశారో... చెయ్యి కాలుతుంది!

20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025లో 10 వేల రూపాయలు చేసింది. అంత పోసి నిలుపుకునే బండికి కూలెంట్ దగ్గర పిసినారితనం ఎందుకు?