చిన్నారులకు జంతువులతో పరిచయం – ఇంటి నుంచే మొదలు



చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో చాలా ఇళ్లకు పెరడు ఉండదు. అయినా మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పడానికి తోట అక్కర్లేదు. ఆ వయసులో చూసిందీ, తాకిందీ, అడిగి తెలుసుకున్నదే చదువు.

ఇంట్లో: గడప దగ్గర చిటికెడు చక్కెర వేసి, చీమల బారు ఎటు వెళుతుందో పిల్లలతో కలిసి చూడండి. సొలొమోను రాజు సోమరికి చీమనే గురువుగా చూపించాడు కదా! పగిలిన కుండలో మట్టి పోసి గుప్పెడు మెంతులు చల్లితే నాలుగు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. కూలర్ నీళ్లలో గిలగిల కదిలే చిన్న పురుగులే వారం పది రోజుల్లో దోమలవుతాయని చూపించి, ఆ నీళ్లు వాళ్ల ముందే పారబోయండి. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే.

వీధిలో: బక్రీద్ రోజుల్లో గల్లీ నిండా మేకలే. మేకకు పైదవడలో ముందుపళ్లు ఉండవనీ, మేసిన మేతను నెమరు వేస్తుందనీ చెప్పండి. నోట్లో వేలు మాత్రం పెట్టనీయకండి. మక్కా మసీదు దగ్గర పావురాలకు గింజలు చల్లాక చేతులు సబ్బుతో కడిగించండి. వాటి రెట్టల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. సెలవు రోజున బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కుకు తీసుకెళ్లండి. 1963లో తెరిచిన ఈ పార్కు సుమారు 380 ఎకరాల్లో ఉంది.

కుక్కల విషయంలో: 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయిన సంగతి మనం మరువలేం. పిల్లలకు భయం నూరిపోస్తే కుక్కను చూడగానే పరుగు తీస్తారు. పరిగెత్తితే కుక్క వెంటపడుతుంది. అందుకే ఈ మాటలు ఆటలా నేర్పండి:

1. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరకు వెళ్లకూడదు.
2. కుక్క దగ్గరకు వస్తే చెట్టులా కదలకుండా నిలబడాలి. దాని కళ్లలోకి చూడకూడదు.
3. కింద పడితే తాబేలులా ముడుచుకుని, చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి.

ఎంత నేర్పినా, ఈ వయసు పిల్లలను వీధిలోకి ఒంటరిగా పంపకండి.

కరిస్తే: గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం పూయకండి. చిన్న గీరుడైనా అదే రోజు ఆసుపత్రికి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. డాక్టరు చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ వేయించండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. సమయానికి టీకా పడితే ఆ ప్రమాదం తప్పుతుంది.

అమ్మ కొడుతుందనే భయంతో కాటు సంగతి దాచే పిల్లలుంటారు. "కుక్క కరిచినా, పిల్లి గీరినా నాతో చెప్పు, నేను తిట్టను" అని ముందుగానే మాట ఇవ్వండి. మీ బిడ్డ ప్రాణాన్ని కాపాడే మాట అదే కావచ్చు.

ఆదాము జంతువులన్నిటికీ పేర్లు పెట్టాడని ఆదికాండము చెబుతోంది. మన చిన్నారులకు ఆ పేర్లతో పాటు వాటి స్వభావం కూడా నేర్పుదాం. దేవుని సృష్టిని వాళ్లు ప్రేమతో, జాగ్రత్తతో చూసేలా పెంచుదాం.