వార్తల్లో పదం: నో క్లెయిమ్ బోనస్

కారు బీమా గడువు దగ్గరపడితే చాలు, క్యాష్‌బ్యాక్ ఆఫర్లు ఫోన్‌లో వరస కడతాయి. వాటికంటే ముందు చూసుకోవాల్సింది నో క్లెయిమ్ బోనస్. పాలసీ కాలంలో క్లెయిమ్ చేయనివారికి రెన్యువల్‌లో దక్కే తగ్గింపు ఇది.

మొదటి ఏడాదికి 20 శాతం, ఆపై వరుసగా 25, 35, 45, అయిదేళ్లకు గరిష్ఠంగా 50 శాతం. ఇది ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగే నష్టం) ప్రీమియానికే వర్తిస్తుంది, థర్డ్ పార్టీ (ఇతరులకు జరిగే నష్టం) ప్రీమియానికి కాదు. ఆ ప్రీమియం 10,000 రూపాయలైతే, 50 శాతం బోనస్‌తో 5,000 మిగులుతుంది. రెండు వేల మరమ్మతుకు క్లెయిమ్ చేస్తే సాధారణంగా ఈ బోనస్ పూర్తిగా పోతుంది.

బోనస్ కారుది కాదు, యజమానిది. కారు మార్చినా, కంపెనీ మారినా వెంట వస్తుంది. గడువు ముగిశాక 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే రద్దవుతుంది.

ఇక ఆఫర్ల సంగతికొస్తే, ఏజెంటు తన కమీషన్‌లోంచి రిబేటు ఆశచూపడాన్ని బీమా చట్టం-1938లోని 41వ సెక్షన్ నిషేధించింది. కార్డు, వాలెట్ క్యాష్‌బ్యాక్‌లు చూసే ముందు ఐడీవీ, అంటే పాలసీలో కారుకు కట్టిన విలువ పోల్చండి. అది తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది, కారు చోరీ అయితే పరిహారమూ తగ్గుతుంది. ఒకే ఐడీవీ, ఒకే రక్షణ ఉన్న పాలసీల మధ్య పోలికే అసలైన పొదుపును చూపిస్తుంది.