కొలిచినవాడిదేనా భూమి? – సర్వేయర్ వెడ్జ్ కథ

ఇప్పుడంటే భూమి కొలవడానికి యంత్రాలు వచ్చాయి గానీ, గట్టు తగాదా వస్తే మన ఊళ్లకు సర్వేయర్ గొలుసు పట్టుకొని వచ్చేవాడు. గుంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. మన సెంట్ల లెక్క అందులోంచి వచ్చిందే. ఇంగ్లీషువాళ్లు ఈ గొలుసును మన దేశానికే కాదు, ఆస్ట్రేలియాకూ తీసుకువెళ్లారు. అక్కడ దాన్ని పట్టిన ఒక సర్వేయర్ జాన్ హెల్డర్ వెడ్జ్.

వెడ్జ్ 1793లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి దగ్గరే సర్వే పని నేర్చుకున్నాడు. 1824లో టాస్మానియా చేరి ప్రభుత్వ సహాయ సర్వేయర్ అయ్యాడు. ఏ నేల మంచిదో, నీళ్లు ఎక్కడున్నాయో సర్వేయరుకే ముందు తెలుస్తుంది. ఆ రోజుల్లో ఉన్నికి మంచి గిరాకీ. గొర్రెల కోసం అందరూ పచ్చిక వెదుకుతున్నారు.

1835లో జాన్ బ్యాట్‌మన్ అనే వ్యాపారి సముద్రం దాటి పోర్ట్ ఫిలిప్ వెళ్లాడు. దుప్పట్లు, కత్తులు, అద్దాలు, పిండి వంటివి ఇచ్చి, ఏటా మరికొన్ని ఇస్తానని చెప్పి, సుమారు 6 లక్షల ఎకరాలకు అక్కడి కూలిన్ పెద్దలతో కాగితాలు రాయించుకున్నాడు. వెడ్జ్ ఉద్యోగం వదిలి ఆ సంఘంలో పాలుదారు అయ్యాడు. ఆ నేల చూసి పటం గీశాడు. వెర్రిబీ నది దగ్గర గొర్రెల మందలు పెట్టాడు.

అక్కడి నదికి 'యార్రా' అని పేరు రాసింది ఆయనే. స్థానికులు ఆ మాట అన్నది జలపాతాన్ని చూపి అని తర్వాత తెలిసింది. వాళ్లు నదిని పిలిచే పేరు బిర్రారుంగ్. పొరపాటు పేరే పటంలో నిలిచింది. ఆ నది ఒడ్డునే నేటి మెల్‌బోర్న్ ఉంది.

ఆయనలో మంచీ ఉంది. పారిపోయి 32 ఏళ్లు ఆదిమవాసుల మధ్య బతికిన ఖైదీ విలియం బక్లీకి క్షమాభిక్ష ఇప్పించాడు.

బ్యాట్‌మన్ కాగితాలు చెల్లవని 1835 ఆగస్టులోనే గవర్నర్ బూర్క్ ప్రకటించాడు. అలాగని భూమి కూలిన్ ప్రజలదని ఒప్పుకోలేదు, బ్రిటిష్ రాజుదన్నాడు! మందలు రావడం ఆగలేదు. ఆదిమవాసులకు వేటా పోయింది, నేలా పోయింది. వెడ్జ్ తర్వాత టాస్మానియా శాసన మండలి సభ్యుడై 1872లో చనిపోయాడు.

ఆ నేల ఎవరిదీ కాదన్న వాదం తప్పని ఆస్ట్రేలియా హైకోర్టు చెప్పింది 1992లో, మాబో కేసులో. అంటే 157 ఏళ్ల తర్వాత!

పటం గీసినవాడి మాటే కాగితం మీద ఉంటుంది. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! లెక్కలు నేర్చుకోండి, పటం చదవడం నేర్చుకోండి. రేపు గొలుసు మీ చేతికి వస్తే, ఆ నేల మీద ముందునుంచీ ఎవరున్నారో అడిగాకే కొలవండి.