గడ్డిని కూరగా మార్చే పుట్టగొడుగు

తొలకరి వానల తర్వాత చెదల పుట్టల మీద తెల్లటి గొడుగులు లేవడం మీరు చూసే ఉంటారు. పుట్ట మీద మొలిచే గొడుగు గనుక అది పుట్టగొడుగు. ఈ పేరులో ఒక శాస్త్ర సత్యం కూడా ఉంది. కొన్ని జాతుల చెదపురుగులు తమ పుట్టల్లో ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. అవి తెచ్చిన పుల్లలను, ఆకులను ఆ శిలీంధ్రం మెత్తబరచి వాటికి ఆహారంగా మారుస్తుంది. వానలు పడగానే అదే గొడుగై పైకి వస్తుంది. అంటే పుట్టగొడుగుల సేద్యాన్ని మనిషి కంటే ముందు చెదపురుగులే నేర్చుకున్నాయన్నమాట!

పుట్టగొడుగు మొక్క కాదు. దానిలో పత్రహరితం లేదు. కనుక తన ఆహారాన్ని తాను తయారు చేసుకోలేదు. సన్నని దారాల వంటి శిలీంధ్రజాలం ఎంజైములను విడుదల చేసి, గడ్డిలోని సెల్యులోజును విడగొట్టి పీల్చుకుంటుంది. చెట్టుకు కాయ ఎలాంటిదో, ఈ దారాలకు గొడుగు అలాంటిది.

నంద్యాలకు తగిన రకాలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో కె.సి. కాలువ కింద వరి పండుతుంది. వరి ఉన్నచోట గడ్డికి కొదవ ఉండదు. అయితే అంగళ్లలో తరచుగా కనిపించే బటన్ పుట్టగొడుగు కాపుకు 14 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ చల్లదనం కావాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే నంద్యాలలో శీతల యంత్రాలు లేనిదే అది పండదు.

ఇక్కడికి తగినవి రెండు ప్రత్యేక రకాలు. ఒకటి ముత్యపు చిప్ప ఆకారంలో ఉండే చిప్ప పుట్టగొడుగు. దీనికి 20 నుంచి 30 డిగ్రీలు చాలు. 1962లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ దీనిని వరిగడ్డి మీద పెంచి చూపారు. రెండవది 30 నుంచి 35 డిగ్రీల వేడిలోనూ కాసే పాల పుట్టగొడుగు.

చిప్ప పుట్టగొడుగు పెంపకం ఇలా ఉంటుంది. గడ్డిని రెండంగుళాల ముక్కలుగా కోసి, రాత్రంతా నానబెట్టి, వేడినీటిలో ఉంచి, నీరు ఓడ్చి ఆరబెడతారు. వేడి వల్ల గడ్డిలోని పోటీ బూజులు చస్తాయి. పాలిథీన్ సంచిలో ఒక వరుస గడ్డి, ఒక వరుస విత్తనం నింపుతారు. ఈ ‘విత్తనం’ ఉడికిన జొన్నగింజల మీద పెంచిన శిలీంధ్రజాలమే. చీకటి గదిలో 15, 20 రోజులకు సంచి అంతా తెల్లబడుతుంది. అప్పుడు సంచిని కోసి, వెలుతురు, గాలి తగలనిచ్చి నీరు చిలకరిస్తే కొద్ది రోజుల్లో చిప్పలు విచ్చుకుంటాయి. అంచులు ముడుచుకోకముందే కోయాలి. ఆలస్యమైతే సిద్ధబీజాలు గాలిలో నిండి, పనిచేసేవారికి దగ్గు తెస్తాయి. అందుకే గదిలోకి వెళ్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

వ్యాపారానికి అసలు చిక్కు కాలమే. పుట్టగొడుగులో 90 పాళ్లు నీరే. వేడిలో ఒకటి రెండు రోజులకే అది పాడవుతుంది. అందుకే కోసిన రోజే అమ్మాలి, లేదా ఎండబెట్టాలి. పది కిలోలు ఎండితే మిగిలేది సుమారు ఒక కిలో!

ఆహారమా? ఔషధమా?

100 గ్రాముల పచ్చి చిప్ప పుట్టగొడుగులో మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు. అంతే కందిపప్పులో సుమారు 22 గ్రాములు. కనుక పుట్టగొడుగు పప్పుకు బదులు కాదు, తోడు మాత్రమే. కొవ్వు చాలా తక్కువ. బి విటమిన్లు, పొటాషియం, పీచు ఉన్నాయి. ముక్కలు కోసి కాసేపు ఎండలో ఉంచితే ఎర్గోస్టిరాల్ అనే పదార్థం డి విటమిన్‌గా మారుతుంది.

పుట్టగొడుగు పొడి సర్వరోగాలనూ కుదురుస్తుందనే ప్రకటనలను మాత్రం నమ్మకండి. 1969లో జపాన్ శాస్త్రజ్ఞుడు గోరో చిహారా బృందం షిటాకే పుట్టగొడుగు నుంచి లెంటినాన్ అనే పదార్థాన్ని వేరుచేసి, అది ఎలుకల్లో కంతుల పెరుగుదలను అడ్డుకోవడం గమనించింది. అది శుద్ధిచేసి ఇంజెక్షనుగా ఇచ్చిన పదార్థం. కూర తిన్నంత మాత్రాన ఆ ఫలితం రాదు.

నల్లమలలోనో, చేలగట్ల మీదనో మొలిచిన ప్రతి గొడుగూ తినదగినది కాదు. వెండి నల్లబడితేనే విషమనీ, పురుగు తిన్నదైతే మంచిదనీ అనడం ఒట్టిమాట. ప్రాణాంతకమైన విషపు పుట్టగొడుగులు కొన్ని తిన్న ఆరు గంటల తర్వాతగానీ లక్షణాలు చూపవు. ఆ సరికే విషం కాలేయం వైపు సాగిపోతుంది. వండినా ఆ విషం చావదు. పెంచిన పుట్టగొడుగులోని గొప్ప మేలు విటమిను కాదు, నమ్మకం: ఏ విత్తనం వేశామో మనకు తెలుసు. పేరు తెలియని గొడుగును చూసి ఆనందించండి. వంటింటికి మాత్రం తేకండి.