ఖాళీ జాగా లెక్క

సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర 2022 సెప్టెంబరు 12 రాత్రి మంట మొదలైంది కింద, ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో. చనిపోయింది మాత్రం పైన, హోటల్ గదుల్లో దిగినవాళ్లు. పొగ పైకి పోవడానికి మెట్లదారి దొరికింది. గదుల్లో ఉన్నవాళ్లు కిందికి రావడానికీ అదే మెట్లదారి. ఎనిమిది మంది ఊపిరాడక పోయారు. కొందరు కిటికీల్లోంచి దిగి, దూకి బతికారు.

నాలుగు నెలలు గడిచాయో లేదో, 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులో సరుకు నిల్వలతో నిండిన ఓ వాణిజ్య భవనం గంటల తరబడి తగలబడింది. లోపలికి వెళ్లిన ముగ్గురు పనివాళ్లు తిరిగి రాలేదు. భవనం పనికిరాకుండా పోయి, చివరికి కూల్చేశారు. ఆ మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగ కమ్ముకుని ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. ఏడాది కూడా నిండకుండా మూడు ప్రమాదాలు. మూడూ సికింద్రాబాద్‌లోనే, మూడూ వ్యాపార భవనాలే.

ప్రతిసారీ మర్నాటి పేపర్లో అవే మాటలు కనిపిస్తాయి: సెల్లార్, సెట్‌బ్యాక్, ఎన్‌ఓసీ, డీవియేషన్, ఓసీ. చదివి పక్కన పెడతాం. ఇవన్నీ ఇంజినీర్ల గొడవ అనుకుంటాం. నిజానికి వీటి సారం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. వాణిజ్య భవనాల నిబంధనల్లో చాలావరకు ఎక్కడ కట్టాలో చెప్పేవి కావు, ఎక్కడ కట్టకూడదో చెప్పేవి. రోడ్డు వైపు ఇంత వదలండి, పక్కింటి వైపు ఇంత వదలండి, సెల్లార్ బండ్లకు వదలండి, రెండో మెట్లదారి ఎవరూ ఎక్కకపోయినా వదలండి. గజం లక్షల్లో పలికే చోట ఇలా వదిలిన ప్రతి అడుగూ యజమాని కంటికి నష్టంలాగే కనిపిస్తుంది. కాబట్టి ముందుగా నిండేదీ అదే.

ఈ వదలడం అనే ఆలోచన చట్టంగా గట్టిపడింది న్యూయార్క్‌లో. 1915లో అక్కడ ఈక్విటబుల్ బిల్డింగ్ లేచింది. ఎకరం కూడా లేని స్థలంలో, రోడ్డు అంచు నుంచి నిట్టనిలువుగా, దాదాపు 40 అంతస్తులు. దాని నీడ చుట్టుపక్కల వీధులను ముంచేసింది, పక్క భవనాల్లో పట్టపగలు దీపాలు వెలిగించుకోవాల్సి వచ్చిందని గోల మొదలైంది. ఆ మరుసటి ఏడాదే, 1916లో, నగరం జోనింగ్ చట్టం తెచ్చింది. ఎత్తుకు పోయేకొద్దీ గోడ రోడ్డు నుంచి వెనక్కి జరగాలన్నది అందులో ముఖ్య షరతు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మెట్లుమెట్లుగా కనిపించడానికి కారణం వాస్తుశిల్పి సరదా కంటే ఈ షరతే ఎక్కువ. 1961లో ఇంకో మెలిక పెట్టారు: కింద జనం కోసం ఖాళీ జాగా వదిలితే పైన అదనంగా కట్టుకోనిస్తామన్నారు. బిల్డర్లు ఎగబడ్డారు. 2000లో లెక్క తీస్తే అలాంటి జాగాలు 503 తేలాయి. వాటిలో 41 శాతం పేరుకే జాగాలు, జనానికి అక్కరకు రానివి. వదిలిన చోటు వదిలినట్టే ఉండాలంటే కాపలా కావాలన్న సంగతి న్యూయార్క్ వాళ్లకూ అలా తెలిసొచ్చింది.

ఇక మన దగ్గరికి వద్దాం. చాలా నగరాల్లో ఎఫ్‌ఎస్‌ఐ అని ఒక లెక్క ఉంటుంది. వెయ్యి గజాల స్థలంలో ఎఫ్‌ఎస్‌ఐ రెండు అంటే, అన్ని అంతస్తులూ కలిపి రెండు వేల గజాలకు మించి కట్టకూడదు. హైదరాబాద్ 2006లో జీవో 86తో ఈ పగ్గం తీసేసింది. ఎంతైనా కట్టుకోవచ్చు, కానీ ఎత్తుకు తగ్గ రోడ్డుండాలి, ఎత్తుకు తగ్గ ఖాళీ ఉండాలి. 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168 ఇదే దారిలో నడిచింది. తెలంగాణలో సవరణలతో దాని మీదే బండి నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2017లో జీవో 119తో సొంత నిబంధనలు రాసుకుంది.

జీవో 168లో బహుళ అంతస్తుల పట్టిక చూస్తే బేరం అర్థమవుతుంది. 18 మీటర్లు దాటి 21 మీటర్ల వరకూ లేపాలంటే ముందు కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి, భవనం చుట్టూ నాలుగు వైపులా 7 మీటర్లు వదలాలి. 55 మీటర్లకు పోతే 30 మీటర్ల రోడ్డు, చుట్టూ 16 మీటర్ల ఖాళీ. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేని ఊళ్లో భవనాన్ని అదుపులో పెట్టేది రోడ్డు కాకుండా ఈ ఖాళీ ఒక్కటే. అందుకే ఇక్కడ సెట్‌బ్యాక్‌లో, అంటే అలా వదిలిన ఖాళీలో, రేకుల షెడ్డు వేయడాన్ని చిన్న తప్పుగా కొట్టిపారేయలేం. వేరే ఊళ్లో రెండు మూడు తాళ్లు పట్టుకుని ఉండే చోట ఇక్కడ ఉన్నది ఒకే తాడు.

ఆ 7 మీటర్లు దేనికంటే, ఫైరింజన్ చుట్టూ తిరగడానికి. తెలంగాణ అగ్నిమాపక శాఖ దగ్గరున్న బ్రాంటో స్కైలిఫ్ట్ 54 మీటర్ల ఎత్తు అందుకోగలదు. కానీ అంత పొడుగు చెయ్యి చాచే ముందు అది నేల మీద నాలుగు కాళ్లూ బారజాపి నిలదొక్కుకోవాలి. ఆ కాళ్లు పెట్టాల్సిన చోట జనరేటరో, టీ కొట్టో, వాచ్‌మన్ గదో ఉంటే స్కైలిఫ్ట్ రోడ్డు మీదే చూస్తూ నిలబడాలి.

సెల్లార్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కారు దిగే ర్యాంప్ వాలు ఒకటికి ఎనిమిది దాటకూడదన్నది రూలు. సెల్లార్ లోతు 3 మీటర్లనుకుంటే ర్యాంప్ పొడవు 24 మీటర్లు, అంటే దాదాపు 80 అడుగులు కావాలి. 45 అడుగుల ముఖం, 60 అడుగుల లోతున్న 300 గజాల ప్లాటులో అంత ర్యాంప్ తిన్నగా పట్టనే పట్టదు. జీవో 168 పార్కింగ్ సెల్లార్‌ను 750 చదరపు మీటర్ల నుంచి, అంటే సుమారు 900 గజాల నుంచి మొదలుపెట్టడం ఊరికే కాదు. అంతకు తక్కువ స్థలంలో తవ్విన సెల్లార్ చూస్తే అందులోకి కారు దిగేది లేదని తవ్వినవాడికీ తెలుసు, ప్లాన్ గీసినవాడికీ తెలుసు. అది పుట్టుకతోనే గోదాము.

సెల్లార్ విస్తీర్ణంలో 10 శాతం వరకు జనరేటర్, ఏసీ ప్లాంటు, కరెంటు గది వంటి వాటికి వాడుకోవచ్చు. మనుషులు కూర్చునే పని దేనికీ వాడకూడదు. పక్క స్థలం హద్దు నుంచి కనీసం మీటరున్నర వదిలి తవ్వాలి, స్థలం పెద్దదైతే రెండు, మూడు మీటర్లు వదలాలి. లేకపోతే తవ్వకంలో పక్కింటి పునాది కింద మట్టి జారుతుంది. పార్కింగ్ ఎంత ఉండాలన్నది కార్ల సంఖ్యను బట్టి కాకుండా మొత్తం కట్టుబడిలో శాతంగా లెక్కగడతారు. మల్టీప్లెక్సులు, మాల్స్‌కు ఆ శాతం ఎక్కువ, అపార్ట్‌మెంట్లకు తక్కువ.

సెల్లార్‌లో మనుషులు కూర్చుంటే ఏమవుతుందో ఢిల్లీలో 2024 జులై 27న చూశాం. ఓల్డ్ రాజేంద్రనగర్‌లో ఓ సివిల్స్ కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌ను లైబ్రరీగా మార్చారు. వాన నీరు ఒక్కసారిగా దిగింది. ముగ్గురు విద్యార్థులు బయటపడలేకపోయారు. ఆ బేస్‌మెంట్‌కు ఉన్న అనుమతి పార్కింగ్‌కు, సామాన్లు పెట్టుకోవడానికి మాత్రమే. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలో పిల్లల్ని కోచింగ్‌కు పంపే తల్లిదండ్రులు ఫీజు, ర్యాంకులు అడుగుతారు గానీ క్లాసు ఏ అంతస్తులో అని అడగరు. కింద సెల్లార్ ఎంత ప్రమాదమో పైన డాబా మీద రేకుల గది అంతే ప్రమాదం. 2019 మే 24న సూరత్‌లో 22 మంది విద్యార్థుల్ని బలిగొన్న మంటల్లో క్లాసు నడిచింది సరిగ్గా అలాంటి చోటే.

మెట్ల విషయంలో నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇంటికో లెక్క, వ్యాపారానికో లెక్క పెట్టింది. సొంత ఇంటికి మీటరు వెడల్పు మెట్లు సరిపోతాయి, దుకాణాలకు మీటరున్నర కావాలి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లలో ఒకప్పటి ఇళ్లు కేఫ్‌లుగా, బొటిక్‌లుగా మారిపోవడం మనం చూస్తున్నదే. ప్రభుత్వం కొన్ని రోడ్లను వాణిజ్య రోడ్లుగా ప్రకటించింది, ఇంపాక్ట్ ఫీజు కడితే అక్కడ వ్యాపారానికి దారి దొరుకుతుంది. బోర్డు మారినంత సులువుగా మెట్లు వెడల్పవవు. నలుగురి కుటుంబం కోసం కట్టిన మెట్ల మీద శనివారం సాయంత్రం వంద మంది ఎక్కిదిగుతుంటారు.

దారి మూసేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఢిల్లీ ఉపహార్ సినిమా హాలును మించిన ఉదాహరణ దేశంలో లేదు. 1997 జూన్ 13న కింద ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది, పార్కింగ్‌లోని కార్లు మండాయి. పొగ బాల్కనీలోకి ఎక్కింది. అక్కడ అదనపు సీట్ల కోసం ఒక వైపు నడవా మూసేశారు, తలుపుకూ దారి లేకుండా పోయింది. 59 మంది చనిపోయారు. ఆ సీట్ల మీద వచ్చే టికెట్ డబ్బు ఎంతో లెక్కేస్తే మనిషికి మాట రాదు.

ఈమధ్య వచ్చిన చిక్కు అద్దాల ముఖభాగం. భవనం ముందంతా తెరవరాని అద్దం బిగిస్తే పొగ లోపలే సుడులు తిరుగుతుంది. అందుకే కోడ్ ప్రకారం ప్రతి అంతస్తులో 10 మీటర్లకు మించకుండా ఒక్కో తెరుచుకునే పలక ఉండాలి, మీటరు పొడవు, మీటరు వెడల్పుకు తగ్గకుండా. వాటి మీద ఆ సంగతి రాసి ఉంచాలి కూడా. అద్దాల భవనంలో ఉద్యోగం చేసేవాళ్లు రేపు ఆఫీసుకెళ్లాక ఆ రాత కోసం ఒకసారి వెతికి చూడండి.

నిబంధనలున్నాయి, మరి అమలు? తెలంగాణలో 2020 నవంబరు నుంచి టీఎస్-బీపాస్ పేరుతో భవన అనుమతుల దరఖాస్తు ఆన్‌లైన్‌కు వచ్చింది, పెద్ద భవనాలకు 21 రోజుల గడువు పెట్టారు. కాగితం వేగం పెరిగింది, మంచిదే. పూర్తయిన భవనం కాగితంలా ఉందా లేదా అన్నది ఎవరో వెళ్లి చూడాలి కదా. వ్యాపార భవనం 15 మీటర్లు దాటితే ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం, కావాలని చట్టం. ఆ గీతకు కాస్త కింద ఆగిపోయే కాంప్లెక్సులు మన పట్టణాల్లో కొల్లలు.

దీని మీద ఇంకో దెబ్బ క్రమబద్ధీకరణ. అక్రమ కట్టడాలను జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే బీపీఎస్ పథకం 2007 డిసెంబరులో వచ్చింది. తెలంగాణలో 2015లో అలాంటిదే బీఆర్‌ఎస్ పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2015లో, మళ్లీ 2019లో బీపీఎస్. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశం అన్నట్టే ప్రకటిస్తారు. రెండుసార్లు వచ్చింది మూడోసారి రాదని ఏ బిల్డరు నమ్ముతాడు? సెట్‌బ్యాక్ మింగిన గోడకు జరిమానా కట్టి రసీదు తెచ్చుకోవచ్చు, ఆ రసీదు పట్టుకుని ఫైరింజన్ లోపలికి రాలేదు. ఈ పథకాలు ఖజానా నింపి ఉండొచ్చు గానీ, పోయిన ఖాళీని ఒక్క అడుగు కూడా తిరిగి తేలేదు.

మీరట్‌లో నివాస స్థలంలో దుకాణాలు కట్టిన కేసులో సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు ఈ అలవాటును గట్టిగానే పట్టుకుంది. ఓసీ, అంటే భవనం ప్లాన్ ప్రకారం పూర్తయిందని, వాడుకోవచ్చని ఇచ్చే పత్రం, చూశాకే కరెంటు, నీటి కనెక్షన్ ఇవ్వాలి, బ్యాంకులు కూడా అది పరిశీలించాకే రుణం ఇవ్వాలి అంది. కట్టేసి ఏళ్లు గడిచాయి కదా, డబ్బు పోసేశాం కదా అనే వాదన చెల్లదని చెప్పేసింది.

షాపు కొనబోయేవాళ్లకు, అద్దెకు తీసుకోబోయేవాళ్లకు జీవో 168లో ఒక నిబంధన తెలిసుండాలి. ప్లాన్ మంజూరయ్యేటప్పుడే యజమాని కట్టుబడిలో 10 శాతాన్ని అఫిడవిట్ మీద మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. ఆ 10 శాతాన్ని గ్రౌండ్, మొదటి, రెండో అంతస్తుల్లో ఒకచోట చూపిస్తారు. అంటే గిరాకీ బాగా ఉండే షట్టర్లే తనఖాలో ఉండొచ్చు. అడ్వాన్సు ఇచ్చే ముందు మంజూరైన ప్లాన్ కాపీ, తనఖా అఫిడవిట్, ఓసీ మూడూ అడగండి. ఓసీ ఇంకా రాలేదంటే, మీరు బేరమాడుతున్న షట్టరు ఆ తనఖాలో ఉందేమో ప్లాన్ మీద వేలు పెట్టి చూపించమనండి.