పదికి పది, ఎవరి కొలతతో?

మార్కులు మేలా, గ్రేడులు మేలా యను విషయముపై ఆదివారమునకు ముఖచిత్ర కథనము కావలెననియు, గురువారము సాయంకాలమునకే వ్రాతప్రతి చేరవలెననియు సంపాదకులు కోరినపుడు, ఉభయపక్షముల వాదములను చెరిసగము వ్రాసి యిచ్చుటయే సుకరమని తోచినది. కాని జగ్గయ్యపేట పరిసరముల ఇండ్లలో బీరువా అరలలో, ప్లాస్టిక్ కవరులలో భద్రముగా దాచుకొనెడి పదవతరగతి మెమోను శ్రద్ధగా పరిశీలించిన పిమ్మట, ఆ కాగితము తక్క మిగిలినదంతయు నాకు నిస్సారముగా కనబడెను.

ఆ కాగితముపై మార్కులు లేవు. 2012 మార్చి పరీక్షలు మొదలుకొని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఇచ్చిన మెమోలలో మూడు భాషలకును, గణిత, సామాన్య, సాంఘిక శాస్త్రములకును ఎదురుగా ఏ1, ఏ2, బి1 వంటి గ్రేడును, దాని విలువయైన పది, తొమ్మిది, ఎనిమిది పాయింట్లును, అడుగున వాని సగటైన జి.పి.ఏ.యు మాత్రమే ఉండెడివి. నందిగామలో నొక బాలికకు ఆరు విషయములలోను 92 మార్కులేసి వచ్చినవనుకొందము: మొత్తము 552, అన్నియు ఏ1 గ్రేడులే గనుక జి.పి.ఏ. నిండు పది. జగ్గయ్యపేటలో నొక బాలునికి అయిదింట నూటికి నూరును, గణితమున మాత్రము 90యు వచ్చినవనుకొందము: మొత్తము 590, గణితమున ఏ2, పాయింట్లు 59, ఆరుచే భాగించిన 9.8. ముప్పది యెనిమిది మార్కులు తక్కువ వచ్చిన బాలిక ముందునకు వచ్చెను, బాలుడు వెనుకబడెను. ఇందు కూడిక తప్పలేదు, ఎవరి పక్షపాతమును లేదు. మార్కులను గ్రేడుల మెట్లుగా మార్చిన పట్టిక వలననే యిట్లు జరిగినది.

ఇది కాగితముమీది వింతగానే యుండిన నవ్వి ఊరకుండవచ్చును. కాని 2008లో నెలకొల్పబడిన ఆర్.జి.యు.కె.టి., అనగా మన ప్రాంతమున అందరును నూజివీడు ట్రిపుల్ ఐటీ యని పిలిచెడి విద్యాలయము, గ్రేడులు వచ్చినది మొదలు 2019 వరకు ప్రవేశపరీక్ష లేకుండ ఈ జి.పి.ఏ. ఆధారముగానే సీట్లిచ్చుచు వచ్చినది. ఇరువురికి జి.పి.ఏ. సమానమైనచో గణితమున గ్రేడు చూచెడివారు, పిదప సామాన్యశాస్త్రము, పిదప ఇంగ్లీషు, ఇట్లు వరుసగా చూచి, ఎచ్చటను భేదము తేలకున్నచో వయసున పెద్దవానికి సీటిచ్చెడివారు. మార్కులను మరుగుపరచి పోటీని చల్లార్పబోయిన విధానము, కడపట పుట్టినతేదీని పోటీలో నిలిపినది.

అయినను ఆ ప్రవేశ నియమములలోనే నాకు మిక్కిలి ఇష్టమైన యంశ మొకటి ఉండెడిది. వసతిలేని ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, పురపాలక పాఠశాలలలో చదివినవారి జి.పి.ఏ.కు 0.4 కలిపెడివారు. రెండు బడులలో వచ్చిన ఒకే గ్రేడు ఒకే విలువ గలది కాదని ప్రభుత్వమే స్వహస్తముతో వ్రాసి యొప్పుకొన్న వాక్యమది. ఏకరూపతను గూర్చిన ఉపన్యాసము లన్నిటికంటె ఆ దశాంశమునందే నిజాయితీ యెక్కువ యని నా తలంపు.

పూర్వచరిత్ర క్లుప్తముగా: 1911 ప్రాంతమున మద్రాసు రాజధానిలో ఎస్.ఎస్.ఎల్.సి. వెలసినది; 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చి నిరంతర సమగ్ర మూల్యాంకనమును నిర్దేశించినది; ర్యాంకుల వెర్రిని మాన్పుటకని 2012లో గ్రేడులు రాగా, ప్రైవేటు బడుల ప్రకటనలలో ర్యాంకులున్న చోట "10/10" వచ్చి కూర్చున్నది; ఆంధ్రప్రదేశమున 2017 మార్చి నుండి పరీక్షకు 80, బడికి 20 మార్కులైనవి; 2019లో ఆ 20 రద్దయినవి; కోవిడ్ వలన 2020, 2021లలో పరీక్షలే జరుగలేదు; 2022లో మార్కులు తిరిగి వచ్చినవి, ఆ యేడు ఉత్తీర్ణులైనవారు 67.26 శాతము.

రద్దయిన ఆ 20 మార్కులను గూర్చి కొంత నిలిచి చెప్పవలసి యున్నది. వానికి ఆధారమై, ఉపాధ్యాయులు ఎఫ్.ఏ. యని వ్యవహరించు నిర్మాణాత్మక మూల్యాంకనమునకు రిజిస్టరులో నాలుగు గడులు: పిల్లల భాగస్వామ్యము, ప్రతిస్పందనలు 10, వ్రాతపనులు 10, ప్రాజెక్టు 10, లఘుపరీక్ష 20, వెరసి 50. మొదటి గడిలో ఏమి వ్రాయవలెనో పిల్లవానిని ఏడాది పొడుగున చూచిన ఉపాధ్యాయునికే తెలియును. పాలకేంద్రమునకు పోయివచ్చి ఆలస్యముగా బడిలో నడుగిడియు, పాఠము నడుమ మంచి ప్రశ్న యొకటి వేసిన పిల్లవానికి చోటున్నది ఆ గడిలోనే. కాని కొన్ని బడులు అందరికిని ఇరువదికి ఇరువది వేసినవని ఆరోపణలు వచ్చినవి. జిరాక్సు కొట్లలో సిద్ధమైన ప్రాజెక్టు పుటలు బడికి చేరినవి. తనిఖీ బృందములు పుస్తకములు తిరుగవేసినను, వ్రాసిన చేతిలోని ఔదార్యమును కొలువగల సాధనము వారియొద్ద లేదు. దొంగ తూకమునకు శిక్షగా త్రాసునే పారవేసిరి.

దాని ఫలము 2021లో తెలిసినది. పరీక్షలు లేని ఆ రెండేండ్ల పిల్లలకు గ్రేడు లెట్లియ్యవలెనని విశ్రాంత అధికారిణి ఛాయారతన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, బడిలోని పాత అంతర్గత పరీక్షలనే ఆశ్రయింపవలసి వచ్చినది. గ్రేడులు వెలువడినవి. కాని ట్రిపుల్ ఐటీ సీట్లకు ఆ రెండు సంవత్సరములును ప్రత్యేకముగ ప్రవేశపరీక్ష జరిపిరి. బడి యిచ్చిన గ్రేడుపై విశ్వాస మెంతటిదో దీనినిబట్టి పాఠకులే గ్రహింతురు గాక.

గరికపాడు దాటిన తరువాత

జగ్గయ్యపేట దాటి హైదరాబాదు రహదారిపై గరికపాడు చెక్‌పోస్టు గడచినచో తెలంగాణ, అటుపై కోదాడ. 2014 మార్చి వరకు ఉభయులకు ఒకే బోర్డు, ఒకే ప్రశ్నపత్రము. 2015 నుండి కోదాడ పిల్లలు 80 మార్కులకు పరీక్ష వ్రాయగా, జగ్గయ్యపేట పిల్లలు 2016 వరకు నూటికి వ్రాసిరి. మెమోపై జి.పి.ఏ. మాత్రము ఇరుప్రక్కల ఒకే రీతిగా అచ్చయినది.

హిందీ యిరువది

తక్కిన విషయములలో ఉత్తీర్ణతకు 35 కావలసియుండగా ద్వితీయభాషయైన హిందీకి 20 చాలునని నియమించిరి. అందుచేత హిందీ గ్రేడుల మెట్లు వేరుగా నుండెడివి. సగటు కట్టునప్పుడు మాత్రము ఆ భేదము లేకుండెను.

ఇక ఒక్క మనవి. బహిరంగపరీక్ష జవాబుపత్రములకు మూల్యాంకన కేంద్రమున ముఖ్య పరీక్షకుడు మరల దిద్ది చూచు పద్ధతి యున్నది; అది బడిలోని ఎఫ్.ఏ. గడులకు లేకపోవుటయే లోపము. మండలములలో స్కూల్ కాంప్లెక్సు సమావేశములు జరుగుచునే యున్నవి. అచ్చట ఏడాదికి రెండుమారులైనను నందిగామ బడి పిల్లల పుస్తకములను జగ్గయ్యపేట ఉపాధ్యాయులును, జగ్గయ్యపేటవి నందిగామవారును పేరులు కప్పి దిద్ది, వచ్చిన తేడాను అందరి యెదుట చదివినచో, కొత్త పట్టిక అచ్చువేయు ఖర్చు తప్పును. విద్యాశాఖ ముందుగా ఆ పని చేసి, ఆ పిమ్మట ఆ 20 మార్కులను బడికి తిరిగి యియ్యవలెను.