కుతంత్ర ధారావాహికములు: ప్రేక్షకుని యెఱుక

రాజ్యతంత్రములోని కుట్రను ఇతివృత్తముగా గైకొని రచింపబడిన ధారావాహిక దృశ్యకథలు నేడు అంతర్జాలము మూలమున ఇంటింటను ప్రదర్శింపబడుచున్నవి. వీనిని జనులు పొలిటికల్ థ్రిల్లర్ సిరీస్ అని వ్యవహరింతురు. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో మొదలగు ప్రసారసంస్థలు వీనికి రంగస్థలములు. పాఠశాలలయందలి పై తరగతుల విద్యార్థులలో పలువురు నాటకములను చదువుటకు ముందే వీనిని చూచుచున్నారు. కావున ముద్రారాక్షసమును బోధించు పండితుడు, తన యెదుట కూర్చున్న బాలుడు కుట్రకథ యనగా నేమని యెఱిగి వచ్చినాడో తెలిసికొనుట మంచిది. ఈ వ్యాసమున ఒక్క ప్రశ్న మాత్రమే విచారింపబడును: కుట్రను గూర్చిన యెఱుక ప్రేక్షకునకు ఎప్పుడు, ఎవరివలన కలుగుచున్నది? ఈ యొక్క విషయమును బట్టియే యీ కథల స్వరూపమును, గుణదోషములను, చూచువాని మనస్సుపై వాని ప్రభావమును నిర్ణయింపవచ్చునని నా యభిప్రాయము.

కుట్రకథలు స్థూలముగా రెండు విధములు. మొదటి విధమున ప్రేక్షకుడు కుట్ర పన్నువాని చెంత కూర్చుండును. ఎవడు, ఎవనిపై, ఏల కుట్ర చేయుచున్నాడో వానికి మొదటనే తెలియును. తెలియనిది కార్యము నడచు తీరు మాత్రమే. రెండవ విధమున ప్రేక్షకుడు శోధకునితో గూడ నడచును. వానికి ముందుగా గనబడునది ఒక చావు, ఒక దొంగతనము, లేదా అర్థముకాని యొక పత్రము. ఎవడు, ఏల యనునవి కడపట తెలియును. సౌలభ్యమునకై మొదటివానిని విదితకుతంత్రములనియు, రెండవవానిని గూఢకుతంత్రములనియు నిచట వ్యవహరించుచున్నాను.

విదితకుతంత్రమునకు మన పండితులెల్లరకు పరిచితమగు నుదాహరణము విశాఖదత్తుని ముద్రారాక్షసము. ప్రథమాంకమున చాణక్యుడు విడిచిన శిఖతో ప్రవేశించి, రాక్షసుని చంద్రగుప్తునకు మంత్రిగా జేయుటయే తన యుద్దేశమని తానే చెప్పును. నిపుణకుడు రాక్షసుని యంగుళీయకమును దెచ్చి యిచ్చుటయు, శకటదాసుని చేతివ్రాతతో పేరులేని లేఖ వ్రాయింపబడుటయు, దానిపై నా ముద్ర పడుటయు ఆ యంకముననే జరుగును. అయినను కవి సర్వమును విప్పి చెప్పలేదు. సిద్ధార్థకుడు చేయవలసిన పనిలో ముఖ్యమైన భాగమును చాణక్యుడు వాని చెవిలో జెప్పును. ఆ లేఖ యేమి చేయునో పంచమాంకమున మలయకేతుని యెదుట చదువబడువఱకు మనకు స్పష్టపడదు. అనగా సాధనములు తెలియును, సంధానము తెలియదు. ‘ఎవడు?’ అను ప్రశ్నకు మాఱుగా ‘ఎట్లు?’ అను ప్రశ్నయే యేడంకములను నడపుచున్నది.

ఆధునికకాలమున ఈ విధమునకు ప్రసిద్ధమైన లక్ష్యము హౌస్ ఆఫ్ కార్డ్స్. పేరునకు పేకమేడ యని యర్థము. ఇంగ్లండులో కన్సర్వేటివు పక్షమున ఉన్నతపదవిలో పనిచేసిన మైకేల్ డాబ్స్ దీనిని 1989లో నవలగా వెలువరించెను. ఆండ్రూ డేవీస్ దానిని దృశ్యరూపమునకు మార్పగా బీబీసీ 1990లో నాలుగు భాగములుగా ప్రసారము చేసెను. మొదటి భాగము నవంబరు 18వ తేదీన వెలువడినది. ఆ నెల 22వ తేదీననే ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ తాను పదవిని విడుచుచున్నట్లు ప్రకటించెను. ఈ కథయు థాచరు పాలన ముగిసిన పిమ్మట నారంభమగునదే. కల్పనయు చరిత్రయు నొక్క వారమున ఎదురుపడినట్లయ్యెను. కథానాయకుడు ఫ్రాన్సిస్ అర్కర్ట్ పాలకపక్షపు చీఫ్ విప్. క్రొత్త ప్రధానమంత్రి తనకు మంత్రిపదవి నీయకపోగా, వానిని పడద్రోసి యా పీఠమును తానే కాజేయుట యతని సంకల్పము.

అర్కర్ట్ పాత్రను ధరించిన ఇయన్ రిచర్డ్‌సన్ మాటిమాటికి కథలోనివారినుండి మొగము త్రిప్పి కెమెరా వంక, అనగా మన వంక, చూచి మాటలాడును. దీనిని స్వగతమని సరిపెట్టుట తగదు. ధనంజయుడు దశరూపకమున నాట్యోక్తిని సర్వశ్రావ్యము, అశ్రావ్యము, నియతశ్రావ్యము అని మూడుగా విభజించెను. ప్రకాశము అందఱును వినదగినది. స్వగతము ఎవరును వినరానిది. జనాంతికమును అపవారితమును కొందఱు మాత్రమే వినదగినవి. ఈ గణనమంతయు రంగముపై నున్న పాత్రలనుబట్టి చేయబడినది. ప్రేక్షకుడు అన్నిటిని వినును గాని వినువారి లెక్కలో చేరడు. చాణక్యుడు తన యుద్దేశమును చెప్పుకొనునప్పుడు మనము చాటుననుండి విన్నవారము. అర్కర్టో, మనతోనే చెప్పును. అది ప్రేక్షకుడే నియతశ్రోతయైన జనాంతికమనదగినది. షేక్స్పియరు సృష్టించిన మూడవ రిచర్డు పాత్రయందు ఈ మార్గము పూర్వమే కలదు.

ఈ చిన్న భేదమువలన పెద్ద ఫలము గలుగుచున్నది. తనకు చెప్పబడిన రహస్యమును విని యూరకున్నవాడు సగము భాగస్వామి. అర్కర్ట్ చమత్కారమునకు నవ్విన ప్రేక్షకుడు, తనకు తెలియకయే వాని జయమును కోరుచుండును. బీబీసీ కథలో మ్యాటీ స్టోరిన్ అను పత్రికావిలేఖరి యతనిని నమ్మి, యతని రహస్యమును సమీపించి, కడపట అతనిచేతనే మేడపైనుండి పడద్రోయబడి మరణించును. అతడు చేరదీసి మాటలాడినవారు కథలో నామె, కథ వెలుపల మనము. ఆమె పాటును చూచినప్పుడు ప్రేక్షకునకు తన చెలిమి యెట్టివానితోనో బోధపడవలెను. ప్రేక్షకుని కుట్రలో చేర్చుకొనిన రచన, వానిని మేలుకొలుపు బాధ్యతను గూడ వహింపవలెను. ఈ కథ యా బాధ్యతను తీర్చినది.

ఇక గూఢకుతంత్రములు. 1985లో బీబీసీ ప్రసారము చేసిన ఎడ్జ్ ఆఫ్ డార్క్‌నెస్ వీనిలో మేలైనది. ట్రాయ్ కెనెడీ మార్టిన్ దీనిని ఆఱు భాగములుగా రచించెను. యార్క్‌షైరులోని పోలీసు అధికారి రొనాల్డ్ క్రేవెన్ కన్నుల యెదుటనే యతని కూతురు ఎమ్మా తుపాకికి బలియగును. గుఱి తండ్రియేయని మొదట తలపబడును. క్రేవెన్ శోధింపగా శోధింపగా, ఆ చావు వెనుక అణుపదార్థ వ్యాపారమునకును ప్రభుత్వమునకును గల సంబంధము బయటపడును. 2023లో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన ది నైట్ ఏజెంట్ ఈ జాతిలోనిదే. మాథ్యూ క్విర్క్ నవలనుబట్టి మొదట పది భాగములుగా తీయబడినది. పీటర్ సదర్లాండ్ అను ఎఫ్‌బీఐ యుద్యోగి వైట్ హౌసులో నొక టెలిఫోను చెంత రాత్రివేళ కావలియుండును. ఒకనాడు దానికి పిలుపు వచ్చును. ద్రోహులు తాను కొలుచు భవనములోనే యున్నారని వానికి క్రమముగా తెలియును.

ఈ కథలలో శోధకునకు తెలిసినంతయే మనకు తెలియును. ప్రతి క్రొత్త యెఱుకయు పాత నమ్మిక నొకదానిని చెఱుపును. రక్షకుడు భక్షకుడగును. రెండు మూడు మాఱులు ఇట్లు జరిగిన పిమ్మట ప్రేక్షకుడు ఆధారమునకై వేచియుండక, క్రొత్తగా ప్రవేశించిన ప్రతివానిని ముందే శంకించును. కథ చూచుటయందు ఇది నేర్పు. ఆ యలవాటే లోకమునకు ప్రాకినచో దోషము. ఓట్లు లెక్కించు గుమాస్తానుగాని, తీర్పు చెప్పు న్యాయాధిపతినిగాని, ఆధారమేమియు లేకయే కుట్రదారునిగా తలచుట పౌరునకు వివేకము కాదు.

కుట్రలు లోకమున లేవని నా తాత్పర్యము గాదు. 1972 జూన్ 17వ తేదీన వాషింగ్టను నగరమున వాటర్‌గేట్ భవనములోని డెమోక్రాటిక్ పక్షపు కార్యాలయమున చొరబడిన అయిదుగురు పట్టుబడిరి. అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 1974 ఆగస్టు 9వ తేదీన పదవిని విడిచెను. నడుమ గడచినవి రెండేండ్లకు పైచిలుకు. పత్రికావిలేఖరులు వ్రాసిరి, న్యాయస్థానములు ప్రశ్నించినవి, సెనేటు సంఘము విచారణ జరిపెను, అధ్యక్షుని సంభాషణల టేపులను అప్పగింపవలెనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇందఱు పూనినగాని కార్యము తెమలలేదు. గూఢకుతంత్ర ధారావాహికములలో పెక్కింట నీ పనియంతయు ఒక ధీరుడు పది గంటలలో ముగించును. సంస్థలు వానికి అడ్డుపడునవిగానే చూపబడును. నిజమైన కుట్రను ఛేదించినవి సంస్థలు. కథలోని కుట్రకు నెలవులు సంస్థలు. ఈ వైరుధ్యమును గుర్తింపని ప్రేక్షకుడు, తన్ను కాపాడుదానినే ద్వేషించుట నేర్చుకొనును.

చూచు పద్ధతియు నీ దోషమును పెంచుచున్నది. 2013 ఫిబ్రవరి 1వ తేదీన నెట్‌ఫ్లిక్స్ హౌస్ ఆఫ్ కార్డ్స్ కథను అమెరికాకు మార్చి, 13 భాగములను ఒక్కమాఱుగా విడుదల చేసెను. వారమున కొకటిగా చూడదగిన భాగములను రాత్రికి రాత్రి వరుసగా చూచుట పిమ్మట పలువురకు పరిపాటియయ్యెను. ఒకటి ముగియగనే కొన్ని క్షణములలో మఱియొకటి తనంతట తానే మొదలగును. మన లాక్షణికులు బిందువను నర్థప్రకృతిని చెప్పినారు. అవాంతరార్థముచే ప్రధానకథ తెగిపోవునెడ దానిని మఱల సంధించునది బిందువు. ప్రతి భాగము చివరను రచయిత యుంచు కొక్కెము వారము గడచిన పిమ్మట ఆ పనినే చేసెడిది. విరామమే లేనిచోట సంధింపవలసిన తెగుదల లేదు. అట్లయ్యు కొక్కెము నిలిచియే యున్నది. ప్రేక్షకుని లేవనీయకుండుట యొక్కటియే దానికి మిగిలిన పని.

ఒకే రచన రెండు విధముల చూడబడిన యుదాహరణము కూడ కలదు. జెడ్ మెర్క్యూరియో రచించిన బాడీగార్డ్ ఆఱు భాగములను బీబీసీ 2018 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో విరామములిచ్చి ప్రసారము చేసెను. అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ వానిని ఇతరదేశములవారికి ఒక్కమాఱుగా నందించెను. కథ నడుమ హోంమంత్రి జూలియా మాంటేగ్ బాంబుపేలుడునకు గుఱియై మరణించినట్లు తెలుపబడును. బ్రిటనులోని ప్రేక్షకులు, ఆమె నిజముగా మరణించినదా యని తదుపరి భాగములు వచ్చువఱకు తర్కించిరి. చూచినవానిని మఱల స్మరించి యాధారములను తూచిరి. వరుసగా చూచువానికి ఆ తర్కమునకు తావు లేదు. వాని శంక పుట్టిన క్షణముననే సమాధానమును పుట్టును. శంకకును సమాధానమునకును నడుమనుండు కాలమే విమర్శకు నెలవు.

కడపటిది నిర్వహణము. బీబీసీవారి అర్కర్ట్ కథ 1993, 1995 సంవత్సరములలో వచ్చిన తరువాయిలతో గూడ 12 భాగములలో నాయకుని మరణముతో ముగిసినది. అమెరికా కథ 2018 వఱకు ఆఱు సీజనులుగా 73 భాగములు సాగినది. నడుమ 2017లో ప్రధాననటుడు తొలగింపబడగా నాయకుడు తెర వెనుకనే మరణింపవలసివచ్చెను. ఫలము నొసగక పెరుగుచునే పోయిన బీజమట్టిది. ముద్రారాక్షసమున సప్తమాంకమున రాక్షసుడు మిత్రుడగు చందనదాసుని ప్రాణములకై తన్ను తానర్పించుకొనును. అప్పుడు చాణక్యుడు తాను పన్నిన దెల్ల తన నోటనే వెల్లడించును. చెవిలో చెప్పబడినదియు, లేఖలో వ్రాయబడినదియు, ఎవ్వరెవ్వరు చారులో యదియు బట్టబయలగును. కుట్ర పన్నినవానికిని, దానికి లోబడినవానికిని, చూచువానికిని యెఱుక సమమగును. కుట్రకథకు దీనికంటె మంచి ముగింపు లేదని నా నమ్మిక. ఎఱుక సమముగాని ముగింపు, తెర వెనుక నింకను ఎవడో కలడను భ్రాంతిని మిగుల్చును.

కావున విద్యార్థులను ఈ ధారావాహికములకు దూరము చేయుటకంటె వానిని చూచు నేర్పు గఱపుట యుక్తము. దినమున కొక భాగమునకు మించి చూడవలదని చెప్పవచ్చును. భాగము ముగిసిన పిమ్మట మూడు ప్రశ్నలకు ఉత్తరము వ్రాయింపవచ్చును: ఈ పాత్రను నీవు శంకించుటకు చూచిన యాధార మేమి? ఈ రహస్యము నీకెవరు చెప్పిరి, ఏల చెప్పిరి? చెప్పినవాని జయమును నీవు కోరుచున్నావా? ఈ ప్రశ్నలకు ముద్రారాక్షస ప్రథమాంకము నుండియు ఉత్తరములు రాబట్టవచ్చును. అట్లు చేసిన తరగతిలో విశాఖదత్తుడు పరీక్షకొఱకు వల్లెవేయవలసిన ప్రాచీనుడుగా నుండక, కుట్రను చూచు కన్నును తీర్చి దిద్దు గురువగును.